డెజ్ అడిగిన పాట

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆ బుధవారం ఉదయం నెవిల్‌కి తెలిసొచ్చింది. శుక్రవారం జరగబోయే స్నేహితుడు డెజ్ అంత్యక్రియల కార్డు పోస్టులో వచ్చింది. శవపేటిక దహనానికి తెర వెనక్కి వెళ్ళేటప్పుడు వేసే పాట పేరు అడుగున అచ్చేసి ఉంది. ఏ పాటనుకున్నారు? వాళ్ళ ఊరు రాచ్‌డేల్‌లో ప్రతి పెళ్ళిలోనూ తాగి ఊగుతూ జనం పాడేది, ఫుట్‌బాల్ మైదానంలో గొంతులు చించుకునేది, సూపర్‌మార్కెట్లో బంగాళాదుంపలు ఏరుకుంటుంటే నెత్తి మీద మోగేది! ఆ పాట వినబడితే చాలు, డెజ్ సగం గ్లాసు బీరు వదిలేసి బయటికి నడిచేవాడు. అలాంటివాణ్ణి దానితో సాగనంపుతారా?

ఆస్పత్రి మంచం మీద వాడు నెవిల్ చెయ్యి పట్టుకుని మరీ అడిగాడు. "నాకు పూలూ వద్దు, ప్రసంగాలూ వద్దురా. మార్జొరీ పాట వేయించు, చాలు." నెవిల్ మాటిచ్చాడు.

వీళ్ళిద్దరూ, ఇంకో నలుగురూ ఏళ్ళ తరబడి ప్రతి గురువారం ఒక పబ్బు మేడగదిలో చేరేవారు. అరవైల్లో, డెబ్బైల్లో విడుదలై, కొనే దిక్కులేక మూలన పడ్డ పాప్ పాటల రికార్డులు తలా ఒకటి తెచ్చి వేసేవారు. గదిలో ఎవరైనా గొంతు కలిపారా, రికార్డు తెచ్చినవాడు ఓడినట్టే, అందరి బీరు ఖర్చూ వాడి నెత్తిన. డెజ్ ఒక్కనాడూ ఓడలేదు. పొరుగూరు బోల్టన్ కుర్రాళ్ళు నలుగురు జన్మకల్లా వేసిన ఒకే ఒక్క రికార్డు వాడి ప్రాణం. అందులోనూ ఎవరూ తిప్పి చూడని రెండో వైపు పాట. వానలో బస్సు కోసం ఎదురుచూసే మార్జొరీ అనే పిల్ల మీద కట్టింది. మధ్యలో ట్రంపెట్ అందుకోగానే డెజ్ కళ్ళు మూసుకునేవాడు. "గాడిదలకేం తెలుసురా గంధం వాసన" అని లోకాన్నంతటినీ తిట్టేవాడు. నెవిల్ అవునవునని తలూపేవాడు.

ఆ కార్డు పట్టుకుని నెవిల్ నేరుగా డెజ్ కూతురు బెవర్లీ ఇంటికి వెళ్ళాడు. ఆమె వంటింట్లో నల్ల గౌను ఇస్త్రీ చేసుకుంటోంది.

"ఏంటమ్మాయ్ ఇది?" కార్డు బల్ల మీద విసిరికొట్టాడు.

"కూర్చోండి నెవిల్ అంకుల్. టీ పెడతాను."

"నీ టీ తగలెయ్య! ఈ పాట వింటే మీ నాన్న పెట్టెలోంచి లేచి బయటికి పోతాడు."

"పోనివ్వండి. ఇంట్లో ఉన్నదెప్పుడు గనక?"

"వాడి మాటకి విలువుందా లేదా? మార్జొరీ పాట కావాలని నన్ను అడిగాడు. నన్ను!"

"నన్నూ అడిగాడు. కుదరదని మొహం మీదే చెప్పాను."

నెవిల్‌కి ఒళ్ళు మండిపోయింది. కన్నకూతురట, కన్నకూతురు! "చచ్చేవాడితో అలాగేనా మాట్లాడేది? అసలు మీ నాన్న మనసు నీకేం తెలుసు? ఆ పాట ఒక్కసారైనా చెవిన పడిందా నీకు?"

బెవర్లీ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. అతని మొహంలోకి చూస్తూ ఆ పాట మొదటి ముక్క నుంచి అప్పజెప్పింది. రాగం లేదు, ఎవరినో తిడుతున్నట్టు ఒక్కో మాటా విసిరింది. ట్రంపెట్ వచ్చే చోట ఆగింది. అది అయ్యేంతసేపూ పళ్ళు బిగించి నిలబడి, సరిగ్గా సమయానికి అందుకుని చివరిదాకా ముగించింది. ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

"తొమ్మిదేళ్ళ దాన్ని," అంది. "అమ్మకి క్యాన్సర్. మేడ మీద పడుకోబెట్టాం. నొప్పి తట్టుకోలేనప్పుడు నాన్నని పిలవడానికి చెప్పు తీసుకుని నేల మీద కొట్టేది. కింద ఆయన ఈ పాట వేసి సౌండు పెంచేవాడు. అయిపోతే మళ్ళీ మొదటికి. పైకి వెళ్ళిందెవరు? నేను. కక్కుకుంటుంటే గిన్నె పట్టిందెవరు? నేను. అమ్మ పోయిందని చెబుదామని కిందికొచ్చాను. ఏమన్నాడో తెలుసా? 'ఆగవే, పాట అయిపోనీ' అన్నాడు."

నెవిల్ బల్ల మీది కార్డు తిరగేశాడు. "భయమేసుంటుందమ్మా వాడికి" అన్నాడు.

"నాకు వెయ్యలేదా?"

నెవిల్ టోపీ తీసుకుని బయల్దేరాడు. గుమ్మం దాకా వచ్చి బెవర్లీ అంది, "మాటిచ్చారుగా, తెచ్చి వేయించుకోండి. అడ్డుపడను. ఆ పాట మోగినంతసేపూ నేను బయట వానలో నిలబడతాను, అంతే."

శుక్రవారం నెవిల్ దహనవాటిక హాలుకి ఉత్త చేతులతో వచ్చాడు. మేడగది మిత్రులు నలుగురూ మూగి, "రికార్డు ఏదిరా? మాటిచ్చావన్నావు!" అని నిలదీశారు. "నోర్మూసుకుని కూర్చోండి" అని కసిరి చివరి వరసలో కూలబడ్డాడు. బెవర్లీ ముందు వరసలో కూర్చుని ఉంది.

తెర కదలడం మొదలైంది. ఆ దిక్కుమాలిన పాట మోగింది. మూడో మాటకే హాలంతా గొంతు కలిపింది. నెవిల్ పేటికనే చూస్తూ కూర్చున్నాడు. ఇన్నేళ్ళు వాడు తన పక్కన కూర్చుని తాగాడే, కళ్ళు మూసుకుని పరవశించాడే, ఒక్కసారి, ఒక్కసారి చెప్పి చచ్చాడా!

"పైకి వెళ్ళలేకపోయావా రా!" అని అరిచాడు. "చిన్నపిల్లరా అది! పైకి వెళ్ళలేకపోయావా, దరిద్రుడా!"

పాడేవాళ్ళ నోళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అందరి తలలూ వెనక్కి తిరిగాయి. బెవర్లీ ఒక్కతే తిరగలేదు. ఒంటరిగా, ఇంకా గొంతు పెంచి పాడుతూనే ఉంది.