బెంగళూరు ఫ్రెండు

పులుసుకు చింతపండు పిసుకుతుంటే ఫోను మోగింది. ఎడమచేత్తో ఎత్తి చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను. మా ఆయన సుకుమార్. శ్రీ సిటీ పారిశ్రామికవాడలో ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకుంటాడు.

"మే స్టెల్లా, సర్వరు లేస్తా లేదు. నల్ల తెర మింద ఏందేందో వస్తా ఉండాది. హరినాథ్ సారు పక్కనే నిలబడుండాడు," అన్నాడు గొంతు తగ్గించి. హరినాథ్ అంటే వాళ్ళ మేనేజరు.

"నిన్న ఏం చేసినారు?"

"బూట్‌లో జాగా నిండిపోయిందని కొత్త కెర్నెల్ సగంలో ఆగింది. అందుకని కొన్ని ఫైళ్ళు తుడిచేసినా."

"చేత్తోనా?"

"జాగా కావాల గదా మే."

ఆ సర్వరును నడిపే లినక్స్‌లో కెర్నెల్ అంటే మిషను లేవగానే అన్నిటికంటే ముందు పనిలోకి దిగేది; దాని ఫైళ్ళుండే చోటు బూట్. కొత్తదాన్ని పెట్టడానికీ పాతదాన్ని తీయడానికీ వేరే పనిముట్టు ఉంటుంది. దాన్ని అడగకుండా ఫైళ్ళు చేత్తో తుడిచేస్తే, దాని దృష్టిలో అవన్నీ ఇంకా ఉన్నట్టే. ఒక ప్యాకేజీ, అంటే ఒక ప్రోగ్రాము మూట, ఇంకోదాన్ని అడుగుతుంది, అది మరోదాన్ని అడుగుతుంది, ఎక్కడో ఒకటి లేక అన్నీ ఆగిపోతాయి. ఈ ముక్క సుకుమార్‌కు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. చెప్పినప్పుడల్లా "సర్లే, లెక్చరరమ్మా" అని టీవీ వైపు తిరుగుతాడు.

పెళ్ళికి ముందు చెన్నైలో నేను చేసిన ఉద్యోగం ఇదే. మా బిడ్డ నిస్సీ పుట్టాక మానేశానని అందరికీ చెబుతాను గానీ నిజానికి మాన్పించారు. "నీ మొగుడు తెచ్చేది సాలదా? బిడ్డనెవురు సూస్తారు?" అంది మా అత్త. "ఇంట్లో ఒకరం చేస్తే చాల్లే" అన్నాడు సుకుమార్. ఆ ఒకరి పని మాత్రం ఇద్దరం చేస్తున్నాం. సాయంత్రం ల్యాప్‌టాప్ తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి "కొంచెం చూసి పెట్టు" అంటాడు. పప్పు ఉడికేలోగా చూసి పెడతాను. మర్నాడు ఫ్యాక్టరీలో అది ఆయన పని అవుతుంది. నాకు పేరు రాలేదని కాదు నా ఏడుపు. చిక్కుపడ్డ ప్యాకేజీలన్నీ సర్దుకుని, తెర మీద వరసలు తప్పు చూపించే ఎర్ర అక్షరం ఒక్కటీ లేకుండా దిగుతుంటే నాకు ప్రాణం లేచివస్తుంది. ఆ సంతోషం ఎవరికైనా చెప్పుకుందామని తలెత్తితే ఎదురుగా పోపులడబ్బా. చర్చిలో ఆడవాళ్ళు "నువ్వు ఖాళీయే కదా స్టెల్లా" అని పూలు సర్దే పని నాకే అప్పజెబుతారు. ఇంత ఒంటరితనం చెన్నై హాస్టల్లో కూడా ఎరగను.

"మళ్ళీ ఆన్ చేసి మెనూ తెప్పించండి. పాత కెర్నెల్ ఒకటైనా మిగిలుండాదా?"

"ఉండాది."

"దాన్ని ఎంచుకోండి."

పాత కెర్నెల్‌తో మిషను లేచింది. చేతులు కడుక్కుని ఫోను సరిగ్గా పట్టుకున్నాను. కొట్టాల్సిన వరసను అక్షరం అక్షరం చెప్పసాగాను. "ఆప్ట్. జాగా వదలండి. రెండు గీతలు. ఫిక్స్, గీత, బ్రోకెన్. జాగా. ఇన్‌స్టాల్." ఆయన ప్రతి మాటా తనకే తట్టినట్టు పైకి అంటూ కొడుతున్నాడు.

"ఎవురప్పా ఫోన్లో?" అని హరినాథ్ గొంతు వినపడింది.

"మా ఫ్రెండు సార్. బెంగళూరులో ఉండాడు. పెద్ద కంపెనీ."

నా చేతికి ఇంకా చింతపండు వాసన. భార్య అనడానికి నోరు రాలేదు సరే, తెలిసినావిడ అని కూడా అనలేకపోయాడు. అప్పుడే ఫోను పెట్టేసి ఉండాల్సింది. కానీ అక్కడ పని ఆగి, షిఫ్టుకొచ్చిన ఆడపిల్లలు ఊరికే నిలబడి ఉంటారు. చెప్పాను. పోయిన ప్యాకేజీలు వచ్చాయి. తుడిచేసిన బూట్ ఫైలు మళ్ళీ తయారైంది. ఈసారి మిషను కొత్త కెర్నెల్‌తోనే లేచింది.

"ఇట్టాంటి మనిషే మనకు కావాల సుకుమారూ. వారానికి రెండు దినాలొచ్చినా సాలు, కాంట్రాక్టులో తీసుకుందాం," అన్నాడు హరినాథ్.

"ఆయన రాడు సార్. ఈడికెందుకొస్తాడు?"

"ఇట్టియ్యి ఫోను, నేనే అడగతా."

"వద్దు సార్, బిజీగా…"

ఫోను చేతులు మారిన చప్పుడు. "అలో, ఏమప్పా, వింటా ఉండావా?"

కట్ చేయొచ్చు. సిగ్నలు పోయిందని సాయంత్రం చెబితే సుకుమార్ ఎంతో సంతోషంగా నమ్ముతాడు. ల్యాప్‌టాప్ మళ్ళీ వంటింటి గట్టు మీదికి వస్తుంది. నిజం చెబితే ఈ ఇంట్లో ఎన్నాళ్ళు మాటలుండవో నాకు తెలుసు. అత్త ఏమంటుందో కూడా తెలుసు. భయం వేసింది. అయినా ఇప్పుడు మాత్రం మాటలు ఎక్కడున్నాయి?

"వింటా ఉండా సార్. నేను బెంగళూరులో లేను, ఈడనే తిరుపతిలో ఉండాను. నా పేరు స్టెల్లా, సుకుమార్ భార్యను. ఉద్యోగం సంగతి ఆయన్ని కాదు సార్, నన్ను అడగండి. వస్తాను."