నాలుగో నంబరు క్లిప్పు

నా పనిముట్ల డబ్బా చూసి కుళ్లుకోని వాడు సైనిక్‌పురి మైదానంలో లేడని నా నమ్మకం. కంపెనీ పని మీద సింగపూర్ వెళ్లినప్పుడు కొనుక్కొచ్చాను. అరల నిండా చిన్నా పెద్దా అలెన్ కీలు, నోస్ ప్లయర్లు, బ్యాటరీ మీటరు. రిమోట్ విమానాల పిచ్చి పట్టినవాడికి ఇంకేం కావాలి?

తాతారావుగారి లెక్కలో మాత్రం అది ఖాళీ డబ్బా. ఆయన వైమానిక దళంలో మెకానిక్‌గా రిటైరై సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నారు, మా ఆదివారం గుంపుకు పెద్ద. ఆయన సామానంతా ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో ఉంటుంది. టూత్‌పిక్‌లు, అరిగిపోయిన టూత్‌బ్రష్, సూదిలేని సిరంజి, వాళ్లావిడ వాడి పారేసిన నెయిల్ పాలిష్ సీసా. స్క్రూ వదులైన కన్నంలో టూత్‌పిక్ ముక్క జిగురుతో దూరుస్తారు, స్క్రూ బిగుసుకుంటుంది. దాని తల మీద నెయిల్ పాలిష్ చుక్క పెడతారు, ఎంత అదిరినా ఊడదు. "ఇవి లేకుండా ఏం ఎగరేస్తావయ్యా రాజబాబూ" అని ప్రతి వారం అనేవారు. పైకి నవ్వి లోపల చిరాకు పడేవాణ్ణి.

అన్నిటికంటే ఆయనకు ప్రాణం బట్టల క్లిప్పులు. ఒక చెక్కపలకకు వరసగా ఆరు క్లిప్పులు, వాటి మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు. ఎవరి రిమోట్ ఏ చానల్ మీద పనిచేస్తుందో ఆ నంబరు క్లిప్పు తీసి ఏరియల్‌కు తగిలించుకోవాలి, ఆ తరవాతే స్విచ్ వేయాలి. ఒకే చానల్ మీద రెండు రిమోట్లు ఆన్ అయ్యాయంటే గాల్లో ఉన్న విమానం ఎవరి మాటా వినదు, కింద పడుతుంది. పలక మీద క్లిప్పు లేకపోతే ఆ చానల్ ఎవరో వాడుతున్నట్టు. నోరు మూసుకుని ఆగాలి.

నాదీ సత్యదేవ్‌దీ నాలుగో నంబరే. సత్యదేవ్ బ్యాంకు ఉద్యోగి, భీమవరం వైపు మనిషి, మాట తక్కువ. నా విమానం కట్టడానికి ఎనిమిది నెలలు పట్టింది. మాదాపూర్‌లో ఆఫీసు, సీతాఫల్‌మండిలో ఇల్లు, మధ్యలో మిగిలిన ప్రతి అరగంటా దాని రెక్కలకే పోశాను. తీరా అది ఎగరడానికి సిద్ధమయ్యాక నాలుగో క్లిప్పు మాయమైంది.

క్లిప్పు లేనిదే ఎగరేయడానికి వీల్లేదన్నారు తాతారావుగారు. కొత్తది చెయ్యండి అంటే, "పాతది ఎక్కడుందో తేలకుండా రెండోది చేస్తే కొంప మునుగుతుంది" అన్నారు. అలా మూడు ఆదివారాలు పోయాయి. మూడోవారం ఇక ఉగ్గబట్టుకోలేక అందరి ముందూ సత్యదేవ్‌ను అడిగేశాను. "నన్ను ఎగరనివ్వకూడదనే కదా దాచారు?"

అతని మొహం కందిపోయింది. "నేనెందుకు దాస్తానండీ. నాదీ నేల మీదే ఉంది గదా" అన్నాడు. అది నిజమని తెలుస్తూనే ఉంది. అయినా నా కోపం తగ్గలేదు.

ఆ రోజే మైదానం కాపలాదారు చల్లగా ఇంకో మాట చెప్పాడు. "వచ్చే ఐతారమే ఆఖరు సార్. సోమారం జేసీబీ వస్తది, అపార్ట్‌మెంట్ల పని షురూ." ఆ ఫ్లాట్లు కొనేది మా సాఫ్ట్‌వేర్ వాళ్లే. ఎవర్ని తిట్టుకోవాలో కూడా తెలియలేదు.

ఆఖరి ఆదివారం పొద్దున టవల్ కోసం డాబా ఎక్కాను. దండెం మీద నా టవల్‌ను పట్టుకుని ఉంది, ఎర్రటి నాలుగు.

నా భార్య లోవలక్ష్మి పక్కనే బట్టలు దులిపి ఆరేస్తోంది. "ఏటండీ అలా చూస్తన్నారు? క్లిప్పే కదా. మీరు వానకి తడిసొచ్చిన రోజున ఫ్యాంటు జేబులో దొరికింది. మిగతావన్నీ ఎండకి విరిగిపోతన్నాయి, ఇదొక్కటే గట్టిగుంది" అంది.

రెక్కల కదలిక చూసుకుంటుంటే వాన మొదలై, క్లిప్పు పలకకు పెట్టడం మరిచి హడావిడిగా సామాను సర్దుకుని పరిగెత్తిన ఆదివారం అది. ముందు సిగ్గేసింది. తరవాత లోవలక్ష్మి మీద కోపం వచ్చింది, ఆ తరవాత ఈ క్లిప్పుల గోల పెట్టిన తాతారావుగారి మీద. నా మీద నాకు రావలసిన కోపం అన్నిటికంటే ఆఖర్న వచ్చింది.

విమానం పట్టే ఆటో దొరికేసరికి ఆలస్యమైంది. క్లిప్పు గడ్డిలో దొరికిందని చెబుదామని దారిలో నిశ్చయించుకున్నాను. వెళ్లేసరికి పలక మీద నాలుగో చోటు ఖాళీగా ఉంది. ఉండక ఏం చేస్తుంది, క్లిప్పు నా జేబులో ఉంటే? అందరూ అవతలి వైపు తలలెత్తి ఏదో విమానాన్ని చూస్తున్నారు. గడ్డి కథ చెప్పేముందు ఒకసారి రెక్కల కదలిక సరిచూసుకుందామనిపించింది. ఒక పక్కగా డబ్బా దించి, క్లిప్పు ఏరియల్‌కు తగిలించి, స్విచ్ వేశాను.

పైన మోటారు శబ్దం మారింది. పసుపు రెక్కల విమానం మలుపులోనే బోర్లా తిరిగి ప్రహరీ పక్క రాళ్ల మీద పడింది. అది సత్యదేవ్‌ది.

ఆలోచించే లోపే నా చెయ్యి స్విచ్ ఆపేసింది. క్లిప్పు తీసి జేబులో దాచింది కూడా ఆ చెయ్యే.

సత్యదేవ్ ముక్కలు మోసుకుంటూ వచ్చాడు. వెనకే తాతారావుగారు. "పొద్దున అందరి జేబులూ డబ్బాలూ వెతికించానయ్యా, ఎవరి దగ్గరా లేదు. ఆఖరి రోజు కదా అని కొత్త క్లిప్పు చేసిచ్చాను. నీ కోసం ఆగాల్సింది" అన్నారు నాతో. తరవాత అతని వైపు తిరిగి, "బ్యాటరీ చూసుకున్నావా?" అని అడిగారు.

"చూశాననే అనుకున్నానండీ. నాదే పొరపాటయ్యుంటుంది" అన్నాడు సత్యదేవ్. తన ఏరియల్ నుంచి కొత్త క్లిప్పు తీసి నా చేతిలో పెట్టాడు. "ఇంక నాకక్కర్లేదు. ఎండ ముదరకముందే మీరు ఎగరేసుకోండి."

అతను వెటకారంగా అని ఉంటే నాకు తేలికయ్యేది. మైదానం ఖాళీగా ఉంది, గాలి లేదు. నోరు విప్పకుండా ఉంటే చాలు, ఎనిమిది నెలల పని పైకి లేస్తుంది. ఎగరేద్దామనే అనుకున్నాను, అబద్ధం ఎందుకు.

కానీ చేతిలో క్లిప్పు పట్టుకుని అతని మొహం చూడలేకపోయాను. జేబులోంచి పాతది తీసి కొత్తదాని పక్కన పెట్టాను. "మా దండెం మీద ఉంది. ఇన్ని వారాలుగా."

సత్యదేవ్ క్లిప్పుల్ని చూడలేదు. పొడుగ్గా లాగి ఉన్న నా రిమోట్ ఏరియల్‌ను చూశాడు. "ఎప్పుడు ఆన్ చేశారు?"

"మీరు మలుపు తిప్పుతున్నప్పుడు."

తాతారావుగారు తల పట్టుకుని కింద కూర్చున్నారు. నేను నా విమానం తెచ్చి సత్యదేవ్ ముందు పెట్టాను. "చానల్ ఒకటే కదా, మీ రిమోట్‌తోనూ పనిచేస్తుంది. మొదటిసారి మీరే ఎగరేయండి. ఆ తరవాత మీరే ఉంచుకోండి."

"నాకు మీ విమానం వద్దండీ" అన్నాడతను. "ఆ రోజు అందరి ముందూ నన్నో మాటన్నారు. దాన్ని అందరి ముందూ వెనక్కి తీసుకోండి."

ఆ మాట విన్నవాళ్లలో ముగ్గురు ఈ వారం రానేలేదు. రేపట్నుంచి మైదానమూ లేదు, వాళ్లంతా ఒకచోట చేరే ఆదివారమూ లేదు. వచ్చినవాళ్ల దగ్గరికి నడిచాను.