నా చేత ఆడించిన అబద్ధం

నేను ఒక పరీక్షను. కాగితం మీద రాసేదాన్ని కాదు, కంప్యూటర్లో నడిచేదాన్ని. ఒళ్లంతా కలిపి నలభై వరుసలు. విశాఖలో, మధురవాడలోని ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో సువర్చల అనే టెస్టరు చేతిలో పుట్టాను. పిల్లల ఆసుపత్రి కోసం వాళ్లు చేస్తున్న మందుల యాప్‌ను రోజూ ఒకే ప్రశ్న అడగడం నా కొలువు: ఎనిమిది కిలోల బిడ్డకు ఈ మందు ఎంత పోయాలి? నాలుగు మిల్లీలీటర్లంటే ఆకుపచ్చగా వెలుగుతాను, మరేమన్నా ఎర్రబడతాను. ఆ రెండు రంగులు తప్ప నాకు నోరు లేదు.

ఈ మధ్య ఆఫీసు పెద్దలకు ఒక ఆలోచన పుట్టింది. ఇకపై డెవలపర్లూ పరీక్షలు రాయాలట, టెస్టర్లూ కోడు రాయాలట. అందరూ చప్పట్లు కొట్టారు. ఇద్దరి పనీ అయ్యాక ఎవరి పనీ కాకుండా పోతుందేమోనని నాకు అప్పుడే గుబులు పట్టుకుంది.

సోమవారం ఫణీంద్ర అనే డెవలపరు మోతాదు లెక్క మార్చాడు. యాప్ ఎనిమిది అంది. నేను ఎర్రబడ్డాను. చెడ్డవాడేం కాదు, తొందరలో ఉన్నాడంతే. నేనే పాతబడ్డాననుకుని, నాలోని నాలుగు చెరిపేసి ఎనిమిది పెట్టాడు. వెలిగాను, ఏం చేయను? చేను మేసిన కంచెనయ్యాను.

సువర్చల నా రంగు చూసింది, లోపలికి చూడలేదు. శుక్రవారం సాయంత్రం యాప్ ఆసుపత్రికి వెళ్లిపోవాలి. నాలుగు రోజులు వెలుగుతూనే కుమిలిపోయాను.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె పది కిలోల బిడ్డకు ఇంకో పరీక్ష రాసింది. ఐదు రావలసిన చోట పది వచ్చింది. ఫణీంద్రను పిలిచింది.

"పాతదాంట్లో నేను మార్చేశానండీ. దీంట్లో కూడా పది పెట్టేయండి, పాసైపోద్ది," అన్నాడు టీ తాగుతూ.

"మార్చేశావా? డాక్టరు గారిచ్చిన మోతాదుల పట్టిక చూశావా?"

"మీరు చూస్తారు కదా అనుకున్నానండీ."

"నువ్వు చూశావనుకున్నాను బాబూ నేను!" సువర్చల కుర్చీలోంచి లేచింది. "పసిబిడ్డలకి రెట్టింపు మందు పోయించేవాళ్లం కదయ్యా!"

అప్పటికప్పుడు విడుదల ఆపించింది. నాలో మళ్లీ నాలుగు పెట్టి నడిపింది. ఎర్రబడ్డాను. పోయిన ప్రాణం లేచి వచ్చింది.

కాసేపటికి ఆమె నెమ్మదిగా అడిగింది.

"ఫణీ, ఇలా ఇంకెన్ని మార్చావు?"

అతను తెర వంక చూశాడు. నేనూ, ఆ పది కిలోల పరీక్షా కాక నా తోటి పరీక్షలు పన్నెండు వందలు, అన్నీ ఆకుపచ్చగా వెలుగుతున్నాయి. వాటిలో నిజం చెబుతున్నవి ఏవో నాకూ తెలియదు.

"గుర్తు లేదండీ," అన్నాడు.