సైరన్ మోగేలోపు

మూడో సెట్‌లో ఐదు–ఒకటి. ఇంకొక్క గేమ్ గెలిస్తే ఆట తురియాది, ఆమె ఆడే సఫీ టెన్నిస్ క్లబ్ లీగులో పై తరగతిలోనే ఉంటుంది. ఓడితే కిందికి జారిపోతుంది. మిగతా ఆటలు రెండు జట్లకీ చెరి సగం వచ్చాయి, అందుకే భారమంతా ఈ చివరి ఆట మీద పడింది.

రంజాన్ నెల. పొద్దు గోడ మీదికి వాలింది. ఉపవాసం విడిచే సైరన్‌కి ఇంకా కాస్త వ్యవధి ఉంది. గెలుపు ఖాయమనుకుని ఆడవాళ్లు కోర్టు పక్కనే బల్లలు పరిచేశారు. ఖర్జూరాలు, పాలు, గుడ్లు, పెద్ద గిన్నె నిండా హరీరా. మూత తియ్యగానే ఆ చారు వాసన ఎర్రమట్టి కోర్టు మీదుగా వచ్చి తురియా ముక్కుకి తగిలింది.

"కానియ్యవే తురియా! నీ గిన్నె కూడా నింపేశాం!" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

తురియా నవ్వలేదు. సైరన్ మోగేలోపు ముగించెయ్యాలి, అంతే. పోయినేడు ఇలాగే ముందుండి ఓడింది. ఆ మాట క్లబ్బులో ఎవరూ ఎత్తరు, కానీ ఎవరూ మరిచిపోలేదు.

అవతలున్నది సెత్తాత్ జట్టు పిల్ల గిజ్లాన్. ఇరవై నిండాయో లేదో. ఆ పిల్ల సర్వీస్ చేస్తుంటే తురియా బంతిని కొట్టడం మానేసి నడిమికి నెట్టడం మొదలుపెట్టింది. తప్పేదో తనే చేస్తుందిలే అనుకుంది. ఆ పిల్ల చెయ్యలేదు. ఐదు–రెండు.

తర్వాత సర్వీస్ తురియాది. చెమటైనా తుడుచుకోకుండా బంతి వెంట బంతి వేసింది. కొన్ని నెట్‌కి తగిలాయి, ఒకటి గీత దాటింది. ఐదు–మూడు. బల్లల దగ్గర గరిటెల చప్పుడు ఆగిపోయింది. వాళ్లు తిట్టినా బాగుండేది. మోచెయ్యి బిగుసుకుని పరాయిదానిలా వేలాడింది.

ఐదు–నాలుగు.

వైపులు మారుతుండగా సైరన్ మోగింది. రెఫరీ చెయ్యెత్తి, "గొంతు తడుపుకోండమ్మా ఇద్దరూ" అన్నాడు.

సఫీ జట్టు పెద్ద హాజ్జా జహూర్ పాలగ్లాసు తెచ్చి తురియా చేతిలో పెట్టింది.

"బిస్మిల్లా అని తాగు. ఏమే, గోరింటాకు ఆరని పెళ్లికూతురిలా పట్టుకున్నావేమే ఆ రాకెట్? ఎక్కడ చెదిరిపోతుందనా?"

"చేతికందింది నోటికందకుండా పోయేట్టుంది హాజ్జా."

"అందితే కదే పోవడానికి! ఆ ఐదు గేములూ అయిపోయాయి. వాటికి కాపలా కూర్చుంటే ఆరోది నడిచొస్తుందా?"

బెంచీకి అవతలి చివర కూర్చున్న గిజ్లాన్ ఖర్జూరం నములుతూ నవ్వింది. "తిట్టకు హాజ్జా. తురియా అక్క ఇలా ఆడుతుంటేనే నాకు బాగుంది."

"నీకెందుకు బాగుండదే! ఐదు–ఒకటి దగ్గర నీ మొహం చూశాను, ఏడుపొక్కటే తక్కువ."

"ఎలాగూ ఓడాను కదా అని తోచినట్టు కొట్టేశాను. నాకు భయం పట్టుకుంది ఇప్పుడే."

తురియా తలతిప్పి చూసింది. ఆ పిల్ల కట్టి ఉన్న బూటు తాడునే విప్పి మళ్లీ కట్టుకుంటోంది.

మళ్లీ లేచారు. ఇక పరుగెత్తి ముగించాల్సిన తొందర లేదు, సైరన్ ఎటూ మోగిపోయింది. సర్వీస్ తురియాది. మొదటి బంతినే గీత పక్కకి కొట్టింది. బయటపడింది. బల్లల దగ్గర ఉసూరుమన్నారు. రెండోదీ అలాగే కొట్టింది, అది లోపల పడింది. తప్పితే తప్పనీ, తను కొట్టిన దెబ్బేగా. ఒకటి పోయి ఒకటి వచ్చి, నలభై–నలభై దాకా లాగి, చివరికి ఇంకొక్క పాయింటు వస్తే గెలుపు అన్న దగ్గరికి తురియా వచ్చింది.

బంతి అటూ ఇటూ చాలాసేపు తిరిగింది. "నెట్టెయ్, లోపలుంచు చాలు," లోపల్నుంచి తన గొంతే చెప్పింది. ఆ గొంతు నోరు మూయించడం తన వల్ల కాలేదు. చెప్పుకోనిచ్చి, భుజం తిప్పి, ఎడమ గీత వెంబడి బలమంతా పెట్టి కొట్టింది.

గిజ్లాన్ అందుకోలేకపోయింది.

ఇక్కడ రెఫరీ ఉన్నా, ఎవరి వైపు గీతకి వాళ్లే సాక్షి. బంతి బయటపడితే వేలెత్తి చూపిస్తారు, లోపలపడితే మట్టిలో గుర్తుని కాలితో చెరిపేస్తారు. గిజ్లాన్ గీత దగ్గర వంగి చూసింది. సెత్తాత్ వాళ్లంతా లేచి నిలబడ్డారు. తురియా నెట్ అవతల, రాకెట్ దించకుండా నిలబడింది.

ఆ పిల్ల నడుమెత్తి, తమ వాళ్ల వైపొకసారి చూసి, బూటుతో ఆ గుర్తుని చెరిపేసింది.