జానెడు పనసకర్ర

శుక్రవారం వచ్చిందంటే వసుంధరకు ఒళ్ళు మండేది. దోహాలో ఆ రోజు సెలవు. ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో వాళ్ళది రెండు గదుల ఫ్లాటు. బాల్కనీలో చిన్న లేత్ మిషన్ బిగించుకుని, మొగుడు సుధాకరరావు పొద్దున్నే పెన్నులు చెక్కడానికి కూర్చునేవాడు. ఆరేసిన బట్టల మీద కర్రపొట్టు, అన్నంలో పొట్టు. ఆఫీసులో ఇంజనీరు, ఇంట్లో మహారాజు. ఎవరి వస్తువు చూసినా ఆయన కంటికి పెన్నులాగే కనిపించేది. ఖర్జూరం గింజ, ముత్యపు చిప్ప, ఒంటె ఎముక, ఏది దొరికినా అరగదీసి కర్రలో పొదిగేవాడు. పనితనం ఉందా అంటే ఉంది. ఆమెకు అదే ఇంకా మంట.

ఆమెకున్నది ఒక్క వీణ. బొబ్బిలి వీణ, ఒకే పనస మానులోంచి తొలిచింది. దోహా వచ్చిన మొదటి ఎండాకాలం ఏసీ గాలి నేరుగా తగిలి కుండ మీద నెర్రె విచ్చింది. ఫోన్ చేస్తే, "నెర్రె మూసెత్తానమ్మా, మళ్ళీ పలుకుతాది. తెచ్చీదాకా దాని మీద ఎవులిచేతా ఉలి పడనీకండి. అతుకేత్తే అది మా వీణ అవదు" అన్నాడు బొబ్బిలిలో దాన్ని చేసినాయన. జూన్ సెలవుల్లో తీసుకెళ్ళాలని దుప్పట్లో చుట్టి బీరువా మీద పెట్టింది. మళ్ళీ వాయించాలి, అంతే. ఇంకో కోరిక లేదు.

"విరిగిన కర్రకు విమానయోగమా?" అని ఎకసెక్కమాడేవాడు సుధాకరరావు. ఒకసారి దానివైపు అదోలా చూస్తుంటే, "దాని జోలికొస్తే ఊరుకోను" అని ముందే చెప్పింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషికి చెప్పడమూ గోడకు చెప్పడమూ ఒకటే.

ఆ ఏప్రిల్‌లో మేనేజర్ రఫీయుద్దీన్ గారు కంపెనీ వదిలి హైదరాబాద్ వెళ్ళిపోతున్నారని తెలిసింది. ఆయన కుర్చీ మీద సుధాకరరావుకు కన్ను. తన తర్వాత ఎవరన్నది చెప్పే మనిషి కూడా ఆయనే. అందుకని శుక్రవారం నమాజు అయ్యాక భోజనానికి పిలిచి, ఎవరి దగ్గరా లేని పెన్ను ఒకటి చేతిలో పెట్టాలని పథకం. కర్రకు నిలువునా బెజ్జం కొట్టి ఇత్తడి గొట్టం దించాడు. లేత్ మీద సన్నగా తిప్పాడు. చుట్టూ గాడి తీసి లోహపు తునకలు, తెల్లని కొమ్ము పట్టీ, పక్కనే నల్లని గీత పొదిగాడు. ఉప్పు కాగితంతో రుద్ది రుద్ది మెరుగు పెట్టాడు. పట్టుగుడ్డలో చుట్టమని వసుంధరకిచ్చాడు. తేనెరంగు కర్ర, అరచేతిలో నున్నగా ఒదిగింది.

"ఇది మాత్రం బాగుందండీ" అంది. పెళ్ళయ్యాక ఆయన చేసిన వస్తువును ఆమె మెచ్చుకోవడం అదే మొదలు. ఆయన బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

భోజనాలయ్యాక రఫీయుద్దీన్ పెన్నును తిప్పి తిప్పి చూశారు. "మాషా అల్లా! ఏం చెక్కినవయ్యా సుధాకర్! ఏం కట్టె ఇది?"

పొగిడేసరికి సుధాకరరావుకు నోరాగలేదు. "పనస సార్, బాగా పండిన కర్ర. ఈ రింగులు కంచు మెట్లు. ఈ నల్లగీత మెట్లు నిలబెట్టే మైనం. ఇలాంటిది ఖతార్ మొత్తం వెతికినా దొరకదు."

వసుంధర చేతిలోని పాయసం గిన్నె కింద పెట్టి లోపలికి వెళ్ళింది. స్టూలెక్కి మూట దించి, హాల్లోకి తెచ్చి, రఫీయుద్దీన్ గారి ఎదుటే విప్పింది. వీణ చివరి యాళి తల ఒకపక్క, కుండతో దండి ఒకపక్క. మధ్యలో మెడ జానెడు మేర లేదు. ఆ చివర మెట్లు పెరికేసి ఉన్నాయి. కోసిన చోట, రంగు కింద, పనస అదే తేనెరంగులో ఉండడం ఆమె ఇప్పుడే చూసింది.

"నా వీణండీ. మీ చేతిలో ఉన్నది దాని మెడ" అంది.

రఫీయుద్దీన్ చెయ్యి కాలినట్టు పెన్ను బల్ల మీద పెట్టేశారు. "తౌబా! ఇంట్ల ఆడమనిషి వీణ కోసి నాకు తోఫా ఇస్తవా? శరం లేదా నీకు?" అని, పాయసం ముట్టకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

తలుపు పడగానే సుధాకరరావు విరుచుకుపడ్డాడు. "నా పరువు తీశావు! ఆ పోస్టు ఇక నాకెవడిస్తాడు? మూలపడ్డ కర్ర కోసం మొగుణ్ణి బజారుకీడుస్తావా? ఎలాగూ విరిగిందే కదా!"

"నెర్రె విచ్చింది. విరిచింది మీరు."

"సరే, ఏడవకు. అక్కడ ఇంకో కర్ర అతికిస్తా. గీత కూడా కనపడనివ్వను. నా పనితనం నీకు తెలీదా?"

ఆమె ఏడవడం లేదు. ఆ ముఖం చూస్తే అసహ్యం వేస్తోంది. ఇప్పటికీ పనితనమే. దండి ఎత్తుకుని బాల్కనీలోకి నడిచి లేత్ పక్కన బల్ల మీద పడుకోబెట్టింది.

"అతుకులొద్దు. ఇందులో ఇంకా బోలెడు పెన్నులొస్తాయి. కొత్త మేనేజర్‌కొకటి, ఆయన పైవాడికొకటి. కోయండి."

"పిచ్చెక్కిందా?"

రంపం తీసి ఆయన చేతిలో పెట్టింది. "చాటుగా కోసినప్పుడు పట్టుకునేవాళ్ళు లేక అవస్థపడి ఉంటారు. నేను పట్టుకుంటాను, కానివ్వండి."

కదలకుండా రెండు చేతులా అదిమిపట్టి నిలబడింది. ఆయన రంపం కింద పెట్టాడు. ఆమె తీసి మళ్ళీ ఆయన చేతిలో పెట్టింది.