మూడేళ్ళ నువ్వుల లెక్క

పందొమ్మిది వందల యాభై ఒకటి, సెప్టెంబరు ఇరవై ఒకటి. ఆ పొద్దున జొన్నరొట్టె మీద నువ్వుల పొడి చల్లుకుని తిన్నాడు. పదిహేడేళ్ళయినా వెంకటనర్సయ్య ఆ తేదీనీ ఆ రొట్టెనూ మరవలేదు. లెక్కల యంత్రం పిడి తిప్పుతున్న చేయి ఆగినప్పుడల్లా అవే గుర్తొస్తాయి.

యూనివర్సిటీలో అర్థశాస్త్రం వాళ్ళకిచ్చిన ఆ గదికి కిటికీ ఒకటే. దాని కిందే అతని బల్ల. యాభై ఏడేళ్ళ మనిషి. సన్నని మెడ. పిడి తిప్పీ తిప్పీ కుడిభుజం కాస్త కిందికి జారింది. చూపుడువేలి చివర సిరా మరక సబ్బుకు పోదు. రోజూ వారాసిగూడ నుంచి నడిచి వస్తాడు, కూడికలు చేస్తాడు, నడిచి పోతాడు.

దేశంలో నువ్వుల పంట ఏళ్ళ తరబడి ఎలా మారుతూ వచ్చిందన్నది లెక్చరర్ ఆనందరావు ఆరేళ్ళ పరిశోధన. అంకెలు కూడి, సగటులు తీసి, గీతలు గీసేది వెంకటనర్సయ్య. దేశం గీత వానతో లేచేది, వాన లేకపోతే పడేది. రాష్ట్రం గీతా అంతే. దగ్గరగా చూడ్డానికని ఆనందరావు ఎంచుకున్న ఒక్క తాలూకా గీత మాత్రం యాభై ఒకటి నుంచి మూడేళ్ళు నిశ్చింతగా సాగింది. ఆరు వందల పన్నెండు టన్నులు, ఆరు వందల పద్నాలుగు, ఆరు వందల పదకొండు. చుట్టూ పంటలు ఎండినా అక్కడి రైతులు నువ్వుల్ని నిలబెట్టుకున్నారని ఆనందరావు ఒక అధ్యాయమంతా రాశాడు.

ఆ తాలూకా కచేరీలో అప్పట్లో గుమస్తా వెంకటనర్సయ్యే.

"ఏంది నర్సన్నా, ఇంకా నువ్వులే ఏరుతున్నవా? గానుగల ఎప్పుడు పోస్తవ్?" బల్ల తుడుస్తూ అడిగాడు అటెండరు బాలస్వామి.

"సోమవారం సారు దాఖలు జేస్తడు. గాడికి అయిపోతది."

"నీ నౌకరీ ఎక్స్‌టెన్షన్ కాగితం గూడ సారు దగ్గరనే ఉన్నదంట. జర మంచిగ మాట్లాడు. ఇంట్ల గూసుంటే గోడలు లెక్క వెడ్తవ్ నువ్వు."

వెంకటనర్సయ్య నవ్వాడు. నిజమే. భార్య పోయి ఆరేళ్ళు. ఈ గది తప్ప పోవడానికి చోటు లేదు. ఈ గదిలో ఉండాలంటే ఆ మూడు చుక్కల్నీ సిరాతో కలపాలి.

మధ్యాహ్నం పెన్సిలుతో గీసిన గ్రాఫు చుట్టి తార్నాకకు బయల్దేరాడు. ఆనందరావు ఇల్లు చేరేదాకా ఎండ మబ్బు చాటునే ఉంది. ఆ రోజుకు అదొక మేలు.

ఆనందరావు భార్య రత్నమ్మ పళ్ళెంలో నువ్వుండలు తెచ్చి, ఒకటి తీసి చేతికి ఇవ్వబోయింది. అతను చేయి వెనక్కి తీసుకున్నాడు.

"కింద వెట్టుండ్రి అమ్మా. నువ్వులు చేతికి తీసుకుంటే కొట్లాటలు అయితయంటరు."

"బావుందండీ! ఆరేళ్ళుగా మా ఆయన చేతికి టన్నులు టన్నులు ఇస్తున్నారు, అప్పుడు లేని పట్టింపు ఒక్క ఉండకు వచ్చిందా?" అని నవ్వుతూ పళ్ళెం బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళింది.

ఆనందరావు గ్రాఫు విప్పి తృప్తిగా చూశాడు. "ముత్యాల్లాంటి చుక్కలండీ. ఇక సిరా పెట్టెయ్యండి."

"సార్, గా మూడేండ్ల లెక్క అబద్ధం. నేనే రాసిన."

ఆనందరావు తలెత్తాడు. వెంకటనర్సయ్య నిలబడే చెప్పాడు. యాభై ఒకటి సెప్టెంబరులో ఆ రోజు భార్య లింగమ్మ ఆసుపత్రిలో ఉంది. ఊళ్ళ నుంచి వచ్చిన కాగితాల కట్ట విప్పలేదు. సాయంత్రంలోగా మొత్తం పంపమన్నారు. కిందటేటి అంకె చూసి, రెండు టన్నులు తగ్గించి రాసి ఆసుపత్రికి పరుగెత్తాడు. నాలుగు రోజుల తర్వాత కట్ట విప్పితే, సగం మంది నువ్వులు మాని ఆముదాలు వేశారని తెలిసింది. పంట మూడు వందల టన్నులు కూడా లేదు.

"లింగమ్మ బతికింది సార్, ఇంకో పదకొండేండ్లు. మొదటి ఏడాదికి నాకు బాధ లేదు. నిజం రాస్తే ఒక్కపారి అంత పడ్డదేందని అడుగుతరని, తర్వాతి రెండేండ్లు భయానికి రాసిన."

ఆనందరావు గ్రాఫును మళ్ళీ చుట్టి అతని చేతికిచ్చాడు.

"భార్య ప్రాణం మీదికొస్తే నేనైనా అంతే చేసేవాణ్ణండీ," అన్నాడు. "కానీ అది ప్రభుత్వ పుస్తకంలో అచ్చయిన లెక్క. అయిదు కాపీలు టైపు కూడా అయిపోయాయి. ఇప్పుడు ఆ అధ్యాయం తీసేస్తే నా దగ్గర మిగిలేదేముంది? మీరూ మర్చిపోండి." సొరుగు తెరిచి ఒక కాగితం అందించాడు. "సంతకం పెట్టేశాను. ఇంకో రెండేళ్ళు మీకు ఢోకా లేదు."

ఆ మాటలో బెదిరింపు లేదు. ఉంటే కోపమైనా వచ్చేది.

తిరిగి వచ్చేసరికి గదిలో ఎండ పలచబడింది. రెండేళ్ళు. ఇదే కిటికీ. ఎవరు అడిగినా అవే చుక్కలు కలిపి ఇవ్వడం. సిరాలో ముంచిన కలాన్ని సీసా అంచుకు తట్టి గీత మొదలుపెట్టాడు. యాభై దాకా వచ్చి కలం ఎత్తాడు. యాభై నాలుగు దగ్గర మళ్ళీ దించాడు. మధ్యలోని మూడు చుక్కల్నీ రబ్బరుతో మెల్లగా తుడిచి, ఆ ఖాళీ కింద సన్నని అక్షరాలతో రాశాడు: "ఈ మూడేళ్ళ లెక్క పొలాల నుంచి వచ్చింది కాదు. కచేరీలో కూర్చుని నేను రాసింది. వెంకటనర్సయ్య."

ఎక్స్‌టెన్షన్ కాగితంలో ఆనందరావు సంతకాన్ని ముట్టుకోలేదు. తన పేరు పక్కన మాత్రం 'నాకు వద్దు' అని రాసి గ్రాఫు పక్కన పెట్టాడు.

వరండాలో బాలస్వామి తాళాల గుత్తితో నిలబడి ఉన్నాడు.

"పోతున్న బాలస్వామీ."

"రేపు జల్ది వస్తవా?"

"రాను."

"మరి ఎల్లుండి?"

వెంకటనర్సయ్య అతని భుజం తట్టి మెట్లు దిగాడు. చీకటి పడకముందే ఇల్లు చేరే వేళ అది. చాలా ఏళ్ళకు అలా కుదిరింది.

బాలస్వామి గదిలోకి వెళ్ళి కిటికీ వేయబోయాడు. దాని గొళ్ళెం ఎప్పటినుంచో పట్టదు. గాలికి బల్ల మీద కాగితాలు లేస్తున్నాయి. చుట్టూ చూసి, నర్సన్న కుర్చీలోని మెత్తను తీసి వాటి మీద పెట్టాడు. పాత చీర ముక్కలతో ఎవరో దగ్గరదగ్గరగా చేతికుట్టు వేసిన మెత్త అది, ఒక మూల విడిపోతే వేరే రంగు దారంతో, వంకరగా, మగచేతి కుట్టు పడింది. అది జారదని చూసుకుని, తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు.