సల్లవడ్డది

మనకు మంచి మాటలన్నీ చల్లగానే ఉంటాయి. దీవించాలంటే కడుపు చల్లగుండాలంటాం. మేలు చేసినవాణ్ని చల్లగా బతకమంటాం. ఏడాది పొడుగునా మంచులో ఉండేవాళ్లయితే ఇలాంటి దీవెన కనిపెట్టి ఉండరు. భువనగిరి నేతకారుల ఇంట్లో పుట్టిన కృష్ణకాంత్ మాత్రం ఈ దీవెనలన్నీ మూటగట్టుకొని అంటార్కిటికా వెళ్లాడు. తెలంగాణ వచ్చి నాలుగేళ్లయిన ఏడు అది.

అక్కడున్న మన దేశపు పరిశోధన కేంద్రంలో అతనిది వాతావరణం చూసే ఉద్యోగం. గాలి ఎంత చల్లగా ఉందో రోజూ కొలవాలి. ఆ అంకెలను పాత ఏళ్ల అంకెల పక్కన పెట్టి, ధ్రువాల దగ్గరి చలి ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతోందా తగ్గుతోందా అని చూడాలి. అక్కడ శీతాకాలం మొదలైందంటే ఓడ రాదు, విమానం రాదు. ఉన్నవాళ్లు ఉన్నచోటే ఉండాలి.

ప్రతి ఆదివారం ఇంటికి ఫోన్ చేసేవాడు. అన్న బిక్షం మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, ఫోన్ ఎత్తగానే ఒకటే అడిగేవాడు.

"ఏం కాంతూ, సలి తగ్గిందా?"

"తగ్గితేనే పరేషాన్ అన్నా. ఈడ సలి తగ్గొద్దు. గీ మంచు కరిగితే సముద్రం ఊర్ల మీదికొస్తది."

"మరి నిన్న మస్తు సలి వెట్టిందంటివి గద. ఇంకేం ఫికర్?"

"ఇల్లు అలకంగనే పండుగ గాదన్నా. ఒక్కనాటి సలి సూసి ఏమనొద్దు. ఏండ్లకేండ్లు సూడాలె."

బిక్షానికి ఇది అర్థమైందో లేదో గానీ, తమ్ముడు చెప్పాడంటే చాలు. నాయిన పోయాక తాను చదువు మాని మగ్గమెక్కి తమ్ముణ్ని చదివించాడు. వదిన రాజమణి మగ్గానికి నూలు కండెలు చుడుతూనే అతనికి అన్నం పెట్టి బడికి పంపింది. చదువుకున్నవాడి మాటకు మన ఇళ్లల్లో ఎదురుండదు. బట్టల సబ్బు నుంచి పిల్లల పేర్ల దాకా వాణ్నే అడుగుతాం. వాడికి తెలియనిది కూడా వాణ్నే అడుగుతాం. వాడేమో తెలియదని చచ్చినా అనడు.

ఆ వానాకాలం బిక్షానికి జ్వరం పట్టుకుంది. వీధి చివరి ఆరెంపీ సూది వేశాడు, గోలీలిచ్చాడు. తగ్గలేదు. ఒళ్లు కాలిపోతోందని రాజమణి ఫోన్‌లో ఏడ్చింది. హైదరాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మని కృష్ణకాంతే చెప్పాడు. చెప్పాడే గానీ అతనికి కాలు నిలవలేదు, ముద్ద దిగలేదు.

మరునాడు పొద్దున పక్కింటి వెంకన్న ఆటో తెచ్చి వాకిట్లో పెట్టాడు. రాజమణి లోపలికి వెళ్లి బిక్షాన్ని లేపబోయి ఆగిపోయింది. ఒళ్లు కాలడం లేదు. ఏం చేయాలో తోచక నిలబడి ఉండగా ఫోన్ మోగింది. ఆదివారం దాకా ఆగలేక కృష్ణకాంత్ చేశాడు.

"వదినా, అన్న ఎట్లున్నడు?"

"ఒళ్లంత సల్లవడ్డది కాంతూ. చెమటలు వట్టినయ్. కాళ్లు చేతులు గూడ సల్లగైనయ్. పిలిస్తే సక్కగ పలుకుతలేడు. దవాఖానకు పోవాల్నా?"

అన్ని మాటలూ వినిపించాయి. కానీ మొదటి మాట చెవిన పడగానే అతని గుండె మీది బరువు దిగిపోయింది. మిగతా మాటలు ఆ సంతోషంలో కొట్టుకుపోయాయి.

"సల్లవడితే మంచిదే గద వదినా! జరం దిగింది. గిప్పుడు ఆటోల కుదుపుడెందుకు? జర పండుకోనియ్."

వేల రోజుల అంకెలు కలిపితే గానీ చలి గురించి ఒక్క ముక్క మాట్లాడనివాడు, అన్న ఒంటి మీది ఒక్క పూట చల్లదనానికి తీర్పు చెప్పేశాడు. చూసి చెప్పాడా అంటే అదీ లేదు. దూరపు కొండలు నునుపు మరి.

రాజమణి వాకిట్లోకి వచ్చి, "జరం దిగింది వెంకన్నా, ఇప్పుడు వద్దులే" అని ఆటో వెనక్కి పంపింది. లోపలికి వెళ్లి బిక్షానికి దుప్పటి కప్పింది. పొద్దుగూకక ముందే బిక్షం ప్రాణం పోయింది.

జ్వరం ముదిరి ఒంట్లో విషం పాకితే కొందరికి ఒళ్లు అలాగే చల్లబడుతుందని కేంద్రంలోని డాక్టర్ తర్వాత చెప్పాడు. అన్నను చివరిచూపు చూసుకోవడానికి కృష్ణకాంత్‌కు దారి లేదు. అంకెలు రాస్తూనే ఉన్నాడు. ఆ నెల చలి పాత ఏళ్లకంటే కొంచెం తగ్గినట్టు కనిపించింది. ఇంత మాత్రానికే ఏమీ చెప్పలేమని, ఇంకా చాలా ఏళ్లు చూడాలని రాశాడు. రాసి, బల్ల మీద తల వాల్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఎండాకాలంలోనే ఓడ దిగినా వదినకు ముఖం చూపలేక, ఏడాది మాసికానికి గానీ ఇల్లు చేరలేదు. మగ్గం గుంట మీద చెక్కలు పరిచి ఉన్నాయి. చుట్టాలతో పాటు అతనూ బంతిలో కూర్చున్నాడు. రాజమణి వడ్డిస్తోంది. చిన్నమ్మ నర్సింగమ్మ అన్నం కలుపుతూ, అందరికీ వినబడేటట్టు అంది.

"వాకిట్లకొచ్చిన ఆటోను వాపస్ పంపి మొగన్ని సంపుకున్నది. గట్లాంటి ఆడిది యాడనన్న ఉంటదా?"

బంతిలో ఒక్కరూ తలెత్తలేదు. అంటే ఈ మాట కొత్తది కాదు, ఏడాదిగా పడుతున్నదే. రాజమణి పప్పు గిన్నె పట్టుకుని పక్క విస్తరికి జరిగింది. ఆ పొద్దున ఫోన్‌లో ఎవరేమన్నారో ఆమె ఎవరికీ చెప్పలేదని కృష్ణకాంత్‌కు అప్పుడు తెలిసింది. అతనూ అందరికీ వినబడేటట్టే అన్నాడు.

"వదిన తప్పు లేదు చిన్నమ్మా. నేనే వద్దన్న. పోవాల్నా అని అడిగింది. జరం దిగింది, పండుకోనియ్ అని ఫోన్ల నేనే చెప్పిన."

నర్సింగమ్మ అతని ముఖంలోకి చూసింది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నా తండ్రే! వదినె మాట వడొద్దని నీ నెత్తినేసుకుంటున్నవా? గంత సదువుకున్నోనివి, నువ్వు గట్లెందుకంటవ్ బిడ్డా?"

"నిజం చిన్నమ్మా. ఒట్టు."

"సూసిండ్రా? గీ కాలంల గిసొంటి మర్ది ఎవరికుంటడు?" అందామె బంతి వైపు తిరిగి. అందరూ అవునవునన్నారు. పక్కనున్న పెద్దాయన కృష్ణకాంత్ భుజం తట్టాడు.

నువ్వన్నా చెప్పమన్నట్టు అతను వదిన వైపు చూశాడు. రాజమణి వంగి అతని విస్తట్లో అన్నం పెట్టింది.

"నీ మాట ఎవ్వలు నమ్మకపోవుడు ఇదే మొదలు కాంతూ," అంది, అతనికి మాత్రమే వినబడేలా. "గా దినం నేను గూడ నమ్మకపోతే బతుకుతుండె."